వంశచరిత్ర పరిశోధన: పత్రాధారాలు, ప్రాచ్య విద్యాసంస్థల బాధ్యత
(వీపనగండ్ల పరిసర ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొన్న పరిశీలన)

శ్రాద్ధకర్మలో పితృ పితామహ ప్రపితామహులను వసు రుద్ర ఆదిత్య రూపులుగా స్మరించడం స్మార్త సంప్రదాయం. మాతామహ వర్గానికీ ఇదే క్రమం. నాలుగవ తరం మొదలు మరి మూడు తరాల వారిని ధర్మశాస్త్రకారులు లేపభాగులన్నారు. వారికి పిండం లేదు. కర్త చేతికి అంటిన శేషమే వారి భాగం. కుటుంబ స్మృతి విషయంలోనూ లోకవృత్తం సరిగా ఇట్లే ఉన్నది. తాత తండ్రి పేరు వరకు చెప్పగలిగినవారు కొందరు కలరు. అటుపై పేర్లు తెలిసినవారు అరుదు. తెలంగాణంలో పెత్రమాసనాడు పెద్దలకు బియ్యమిచ్చే కుటుంబాలలో సైతం రెండు మూడు తరాలు దాటగానే పేర్లు పోయి ‘పెద్దలు’ అన్న మాట ఒక్కటే మిగులుతుంది.

స్మృతి ఆగిన చోటనే పత్రం మొదలవుతుంది. ఈ సంగతి వంశచరిత్రపై ఆసక్తి గలవారిలో చాలమందికి తెలియదు. తెలిసిన విద్వాంసులు దీనిని పరిశోధనగా పరిగణించలేదు. వంశచరిత్ర అనగానే సంస్థానాధీశుల వైభవ వర్ణన అనో, సొంత గొప్పలు చాటుకొనే ప్రయత్నమనో తీసివేసే అలవాటు ప్రాచ్య కళాశాలలలో ఉన్నది. ఈ అలవాటును సవరించుకోవలసిన సమయం వచ్చింది. గ్రంథాలయాలలోను, ప్రభుత్వ కార్యాలయాలలోను ఉన్న పత్రాలను చదివి, పోల్చి, సత్యాసత్యాలు తేల్చే శక్తి అన్నిటికంటె పాఠపరిష్కరణ విద్య నేర్చిన వారికే ఎక్కువ. ఆ పని వారు చేయకపోతే పత్రాలు నశిస్తాయి, కట్టుకథలు నిలుస్తాయి.

సంస్థానాల నడుమ

వీపనగండ్ల నేడు వనపర్తి జిల్లాలోని మండల కేంద్రం. 2016కు పూర్వం ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. చుట్టుపట్ల వనపర్తి, జటప్రోలు, గద్వాల సంస్థానాలు వర్ధిల్లాయి. జటప్రోలు సంస్థానానికి తరువాతి కాలంలో కొల్లాపురం రాజధాని అయింది. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న ప్రసిద్ధి. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు స్వయంగా ‘చంద్రికా పరిణయం’ రచించిన కవి. ఇంతటి సారస్వత క్షేత్రంలో వంశచరిత్రకు మొదటి ఆధారం ప్రబంధాల అవతారికలే. కవి వంశ వర్ణన, కృతిపతి వంశ వర్ణన ప్రబంధానికి నియతాంగాలు. కాబట్టి ఒక్కొక్క అవతారికలో రెండు కుటుంబాల వంశక్రమం దొరుకుతుంది. నేలటూరు వేంకటరమణయ్య పరిష్కరణలో 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం ప్రకటించిన ‘వెలుగోటివారి వంశావళి’ ఈ జాతి గ్రంథాలను చరిత్రాధారాలుగా ఎట్లు వాడుకోవలెనో చూపినది. తూమాటి దోణప్ప ‘ఆంధ్ర సంస్థానములు – సాహిత్య పోషణము’ సంస్థానాల సాహిత్యాన్ని ఒకచోట చేర్చింది. సురవరం ప్రతాపరెడ్డి 1934లో ప్రకటించిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులు కనిపిస్తారు. ఆ సంచికలోని కవుల వివరాలు ఎన్నో పండిత కుటుంబాలకు నేటికీ అచ్చులో దొరికే మొదటి ఆధారం.

అయితే ఈ సామగ్రికి ఒక పరిమితి ఉన్నది. కృతి అందుకొన్నవాడి వంశమే అవతారికలో చోటు పొందింది. కృతి చెప్పినవాడి వంశం దాని పక్కన నిలిచింది. ఆ కృతిపతి పొలం దున్నినవాని వంశం అందులో ఉండదు. చెరువు తూము ఎత్తి నీరు పారించిన నీరటివాని పేరు అసలే ఉండదు. పైగా అవతారికలోని ఆరంభపురుషుడు సాధారణంగా సూర్యునికో చంద్రునికో దగ్గరివాడు. అక్కడి నుండి కవి కాలానికి వచ్చేదాక ఎన్ని తరాలు కల్పితాలో, ఎన్ని వాస్తవాలో వేరు చేయవలసి ఉంటుంది. తండ్రి, తాత, ముత్తాతల వరకు కవి ప్రత్యక్షంగానో, ఆప్తవాక్యంగానో ఎరిగి ఉంటాడు. అంతకు పైది స్తుతి. ఈ భేదం పాటించకుండా అవతారికను యథాతథంగా వంశవృక్షంగా గీసిన వ్యాసాలు లేకపోలేదు.

నోటి కవిలెలు

రాజాశ్రయం లేని కులాల వంశస్మృతిని ఆశ్రిత కులాలవారు కాపాడినారు. కాపులకు పిచ్చుకుంట్లవారు, పద్మశాలీలకు సాధనాశూరులు, కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు, గౌడులకు గౌడజెట్టివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు, చిందువారు గోత్రాలు, ఇంటిపేర్లు, కులపురాణాలు చెప్పేవారు. దాతల ఇంటిపేరు తెలియగానే గోత్రం చెప్పి, ఆ ఇంటివారి పెద్దల కథ ఎత్తుకొనగల పిచ్చుకుంట్ల గాయకుడు ఒక నడిచే గ్రంథాలయం. అటువంటి గాయకులు తగ్గిపోతున్నారు. వారు చెప్పేదానిని శబ్దప్రమాణంగా స్వీకరించవలసినదే. కాని ఏ శబ్దానికైనా ఆప్తత్వం పరీక్షించక తప్పదు. ఆ పరీక్షకు కావలసినది పత్రం.

రెవెన్యూ పత్రాలలో కుటుంబం

హైదరాబాదు రాజ్యంలో సాలార్‌జంగు సంస్కరణల పర్యవసానంగా 1865లో జిల్లాల వ్యవస్థ ఏర్పడి, తరువాతి దశాబ్దాలలో సర్వే, బందోబస్తు సాగింది. ఆ సందర్భంగా తయారైన మొదటి భూమి రికార్డు సేత్వార్. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. ఆ తరువాత ఏటేటి మార్పులకు ఫైసల్ పట్టీ, సాగు వివరాలకు పహాణీ కలవు. 1954–55 నాటి ఖాస్రా పహాణీ పట్టాదారుని, వాస్తవంగా సాగు చేసేవానిని వేరు వేరుగా చూపుతుంది. 1955–58 నాటి చేసల పహాణీ మూడేండ్ల వివరం ఇస్తుంది. 1950 కౌలుదారీ చట్టాన్ని అనుసరించి సిద్ధమైన రక్షిత కౌలుదారుల పట్టికలో భూమి లేనివారి పేర్లు పత్రాలకెక్కాయి.

వంశచరిత్రకు వీటన్నిటికంటె విలువైనది విరాసత్ మిసిలు. పట్టాదారు మరణించినప్పుడు వారసుల పేర పట్టా మార్చేందుకు జరిపిన విచారణలో కొడుకుల పేర్లు, వయస్సులు, దత్తత ఉంటే దాని సంగతి, పంచుల వాఙ్మూలాలు చేరతాయి. ఇట్టి మూడు మిసిళ్ళు దొరికితే ఒక కుటుంబపు నూరేండ్ల చరిత్ర కళ్ళకు కట్టుతుంది. వాటాల దావాలలో వాది తన ఫిర్యాదుకు జతపరచిన వంశవృక్షం, అది కాదంటూ ప్రతివాది దాఖలు చేసిన వంశవృక్షం, రెండూ పక్కపక్కనే దొరికితే మరీ మంచిది. తగవు పడినవారు ఒప్పుకొన్న అంశాలు సాధారణంగా నమ్మదగినవి.

సంస్థాన గ్రామాలకు మరొక చిక్కు ఉన్నది. సంస్థానాధీశులు నిజాముకు పేష్కషు చెల్లించి, తమ గ్రామాల శిస్తును తామే వసూలు చేసుకొన్నారు. కాబట్టి 1949 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన జాగీర్ల రద్దు చట్టానికి ముందటి లెక్కలు సంస్థాన కచేరీలవి; తరువాతివి తాలూకా కచేరీలవి. ఒక గ్రామం ఏ కాలంలో దివానీలో, ఏ కాలంలో సంస్థానంలో, ఏ తాలూకాలో ఉన్నదో తేల్చుకోకుండా పత్రాల కోసం వెదకడం చీకటిలో తడుములాట. పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో జిల్లాలు విడిపోయాయి. కుటుంబం కదలకపోయినా దాని చిరునామా ఇన్నిసార్లు మారింది.

కృష్ణకు ఆవలిగట్టును కూడ మరువరాదు. ఇటు వీపనగండ్ల, కొల్లాపురం, అటు నందికొట్కూరు ప్రాంతాల కుటుంబాల మధ్య వియ్యాలు పూర్వం నుండి ఉన్నవి. ఆవలిగట్టు మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లా కావడంచేత అక్కడి పత్రాల తీరు వేరు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను సిద్ధపరచిన ఇనాం రిజిస్టర్లలో ఇనాం ఇచ్చినవారెవరు, మొదట పొందినదెవరు, నాటి అనుభవదారు ఎవరు అన్న వివరాలు కలవు. మెకంజీ సేకరించిన కైఫీయతులు, బ్రౌను వ్రాయించిన ప్రతులు ఆ గట్టుకే ఎక్కువగా ఉపకరిస్తాయి. ఈవలి కుటుంబపు ఆడపడుచు ఆవలి పత్రంలో కనిపించడం అసంభవం కాదు.

చదవడంలోని చిక్కులు

పత్రం దొరకడం ఒక ఎత్తు, దానిని చదవడం మరొక ఎత్తు. హైదరాబాదు రాజ్యంలో 1884 ప్రాంతం వరకు కచేరీ భాష పారసీ, తరువాత ఉర్దూ. రెండూ తరచు శికస్తా లిపిలో, చుక్కలు విడిచి వ్రాసినవి. కరణాల తెలుగు లెక్కలు గొలుసుకట్టు వ్రాతలో ఉన్నవి. ఉర్దూ లిపిలో తెలుగు పేర్లు వ్రాసినప్పుడు హ్రస్వాచ్చులు గుర్తు లేకుండా పోతాయి. ఎకార ఇకారాలు, ణకార నకారాలు, ళకార లకారాలు కలిసిపోతాయి. ఎల్లయ్య ఇల్లయ్య కావచ్చు. వీపనగండ్ల పేరే ఆంగ్లంలో ‘వి’తో ఒకచోట, ‘డబ్ల్యూ’తో మరొకచోట కనిపిస్తుంది. ‘వల్ద్’ అంటే ఫలానావాని కొడుకు, ‘జౌజే’ అంటే భార్య, ‘బేవా’ అంటే విధవ. ఈ మూడు మాటలు ఎరుగనివారు ఆ పత్రంలోని బంధుత్వాన్నే పోగొట్టుకొంటారు.

కాలనిర్ణయం మరొక సమస్య. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తు శకం స్థూలంగా వస్తుంది. 1311 ఫసలీ 1901–02, 1358 ఫసలీ 1948–49. పెద్దలు చెప్పే ప్రభవాది సంవత్సరాలు అరువదేండ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. తాత క్రోధిలో పుట్టినాడంటే అది 1904–05 కావచ్చు, 1964–65 కావచ్చు. పోలీసు చర్య నాటికి నడయీడువాడు అని మరొకరు చెప్పితే సందేహం తీరుతుంది. బడి దాఖలా పుస్తకంలోని పుట్టిన తేదీ చాలసార్లు బడిపంతులు అంచనా. అది ప్రత్యక్షం కాదు, అనుమానం. అదే పుస్తకంలోని తండ్రి పేరు మాత్రం సాధారణంగా విశ్వసనీయం. ఒకే పత్రంలోని వివిధ అంశాలకు వివిధ ప్రామాణ్యాలు ఉంటాయని గుర్తించడం న్యాయశాస్త్రం చదివినవారికి కష్టం కారాదు.

పేరు కలిస్తే మనిషి కలిసినట్లు కాదు. తాత పేరు మనుమనికి పెట్టడం ఆచారం కాబట్టి ఒకే ఇంటిలో ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. అన్నదమ్ముల కొడుకులిద్దరికీ తాత పేరే ఉంటే ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు బాలయ్యలు ఉంటారు. వారిని వేరు చేసేది తండ్రి పేరు, సర్వే నంబరు మాత్రమే. ఇంటిపేరును బట్టి మూలగ్రామం ఊహించడం కూడ ఇట్టిదే. తేళ్ల సత్యవతి ‘తెలుగువారి ఇంటిపేర్లు’ వంటి పరిశోధనలు ఇంటిపేర్ల పుట్టుకకు ఎన్ని మార్గాలున్నవో చూపినవి. ఊరు వాటిలో ఒకటి మాత్రమే.

నీటిలో మునిగిన ఊళ్ళు

ఈ ప్రాంతంలో వంశచరిత్రకు ఒక ప్రత్యేక దుఃఖం ఉన్నది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టు 1981 నాటికి పూర్తి అయి, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు వంద గ్రామాలు నీటి పాలైనవి. పాత జటప్రోలు వాటిలో ఒకటి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి సంఖ్య వేసి ఆలంపురానికి తరలించినారు. జటప్రోలు, సోమశిల ఆలయాలకూ పునర్నిర్మాణ భాగ్యం కలిగింది. దేవుళ్ళ ఇండ్లకు పట్టిక వ్రాసిన శ్రద్ధ మనుష్యుల ఇండ్లకు దక్కలేదు అనుకొనడం సహజం. కాని పట్టిక ఒకటి నిజముగానే ఉన్నది. భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం నిర్ణయించిన అవార్డు మిసిళ్ళు ఆ పట్టిక. ఎవరి పొలం ఎంత, ఎవరి ఇల్లు ఎట్టిది, ఎవరి బావి, ఎవరి చెట్లు, పరిహారం పంచుకొన్న వాటాదారులెవరు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఊరు మునిగి కుటుంబాలు చెదిరిన తరువాత, ఆ వీధిలో ఎవరి ఇంటి పక్కన ఎవరుండిరో చెప్పగలిగినది ఆ మిసిలు ఒక్కటే. లెక్క తీరిన కాగితమని వాటిని మూలకు నెట్టడం ఆ ఊళ్ళను రెండవసారి ముంచడమే.

పత్రాలకు ఇతర ఆపదలూ కలవు. 1984–85లో పటేలు పట్వారీల వ్యవస్థ రద్దయినప్పుడు పాత కాగితాలు కొన్ని కచేరీకి చేరక ఇండ్లలోనే ఉండిపోయాయి. చెదలు తిన్నవి కొన్ని, తూకానికి పోయినవి కొన్ని. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రల వరద ఆలంపురం, కర్నూలు పట్టణాలను ముంచినప్పుడు కాగితానికి నీటి వలన కలిగే భయం ఏపాటిదో అందరికీ తెలిసివచ్చింది. 2020లో ధరణి, 2025లో భూభారతి పేర భూమి లెక్కలు కంప్యూటరుకెక్కాయి. అవి నేటి హక్కుదారును చూపేందుకు ఉద్దేశించినవి. వాటి ఉపయోగం కాదనరానిది. కాని కంప్యూటరు ఉన్నదని సేత్వార్ మూలప్రతిని పారవేస్తే తాత ముత్తాతలు పోతారు.

పత్రాలలో కనిపించనివారు

పత్రాధార పరిశోధన సర్వసమానమైనదని భ్రమపడరాదు. భూమి ఉన్నవాని పేరు ప్రతి ఏడూ వ్రాయబడుతుంది. లేనివాని పేరు కాదాచిత్కం. మేస్త్రీల వెంట దేశమంతట ఆనకట్టలు కట్టేందుకు పోయిన పాలమూరు కూలీల కుటుంబాలకు ఊరిలోను పత్రం తక్కువ, పనిచోటను తక్కువ. వారి విషయంలో తొలి సార్వత్రిక ఎన్నికల నాటి నుండి వచ్చిన ఓటర్ల జాబితాలు, బడి దాఖలా పుస్తకాలు, సేవా ఇనాముల లెక్కలు, డక్కలి పిచ్చుకుంట్లవారి నోటిమాట కలిపి చూడవలసి ఉంటుంది. జనగణన పత్రాలు ఇక్కడ ఉపకరించవు. బ్రిటనులో నూరేండ్ల గడువు తీరిన తరువాత 1921 జనగణన పత్రాలను 2022లో ప్రజలకు తెరచినారు. అమెరికాలో డెబ్బది రెండేండ్ల గడువు. భారతదేశంలో 1948 చట్టం ఇంటింటి వివరాలను గోప్యంగా ఉంచింది, లెక్క తేలిన పిమ్మట ఆ పత్రాలు నిలువవు. అందువలననే రెవెన్యూ పత్రానికి ఇక్కడ అంత విలువ.

స్త్రీల సంగతి మరింత శోచనీయం. వంశవృక్షమంటే కొడుకుల చెట్టు. పట్టాలో స్త్రీ పేరు వస్తే అది జౌజేగానో బేవాగానో వస్తుంది. పుట్టినింటి పేరు ఉండదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో చేసిన హిందూ వారసత్వ సవరణ తరువాత కుమార్తెల పేర్లు విరాసతులో చేరే దారి ఏర్పడింది. అంతకు ముందటి ఆడపడుచులకు ఆధారం ఎక్కడ? అరణంగా వచ్చిన ఇత్తడి, కంచు పాత్రల మీద చెక్కించిన పేర్లలో ఉన్నది. పుట్టినింటివారి పేరు, ఊరు, ఒక్కొక్కప్పుడు సంవత్సరం ఆ బిందె మీద నిలిచి ఉంటాయి. శిలాశాసనాన్ని అచ్చొత్తి చదివే పండితుడు బిందె మీది అక్షరాలను ఎందుకు చదవరాదు? కాశీ, గయా క్షేత్రాలలో పండాల వహీలలో యాత్రికుల పేర్లున్నట్లే, ఇంటి అటకమీద స్త్రీల పేర్లున్నవి.

ఆక్షేపాలు, సమాధానాలు

వంశచరిత్ర కులాభిమానాన్ని పెంచుతుందని ఒక ఆక్షేపం. కల్పిత వంశావళి పెంచుతుంది, పత్రం తగ్గిస్తుంది. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు’ అన్న సామెతను సేత్వార్ పుటలు నిజము చేసి చూపుతాయి. క్షత్రియ సంతతి అని చెప్పుకొనే ఇంటి తాత ఒక రక్షిత కౌలుదారు కావచ్చు. ఏమీ లేనివాడనుకొన్నవాని ముత్తాత చెరువు కట్టకు ఇనాం పొందినవాడు కావచ్చు. ఒకే పుస్తకంలో పటేలు, నీరటి పక్కపక్క వరుసలలో ఉంటారు. ఇది సాహిత్య పరిశోధన కాదన్నది రెండవ ఆక్షేపం. అవతారికను చదివే విద్యనే విరాసతుకు వర్తింపజేసేటప్పుడు అది సాహిత్యేతరం ఎట్లవుతుంది? కపిలవాయి లింగమూర్తి (1928–2018) వంటి పండితుడు పాలమూరు ఊళ్ళ చరిత్రను, ఆలయాలను శ్రమించి గ్రంథస్థం చేయడం శాస్త్ర పాండిత్యానికి భిన్నమైన పని అని ఎవరూ అనలేదు. బ్రతికి ఉన్నవారి స్వవిషయాలు బయటపడతాయన్నది మూడవ ఆక్షేపం. ఇది న్యాయమైనది. దత్తత, తగవు, కులం వంటి విషయాలలో సజీవుల పేర్లు ప్రకటించరాదన్న నియమం పాటిస్తే దీనికి పరిహారం ఉన్నది.

కర్తవ్యం

చేయవలసిన పనులు భారమైనవి కావు. ప్రాచ్య కళాశాలల పాఠ్యక్రమంలో గొలుసుకట్టు తెలుగు, శికస్తా ఉర్దూ చదివే ఒక పత్రం చేర్చవలె. విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి ప్రసిద్ధ కావ్యమే అక్కరలేదు. తన గ్రామపు ఇంటిపేర్ల పట్టికను మూడు ఆధారాలతో పోల్చి సిద్ధపరచినా అది యోగ్యమైన పరిశోధనగానే అంగీకరించవలె. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారం, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా వెలసిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం తమ పాత పత్రాల సూచికలను తెలుగులో సులభంగా దొరికేటట్లు చేస్తే పల్లె పరిశోధకుడు వట్టి చేతులతో తిరిగి పోడు. ఆస్తి పన్నుపై రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు గ్రామస్థులు చెల్లిస్తున్నారు. ఆ గ్రామస్థుల పెద్దల పేర్లున్న పత్రాల నకళ్ళకు శాఖా గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించడం న్యాయం. ముంపు గ్రామాల అవార్డు మిసిళ్ళ నకళ్ళు మొట్టమొదట ఆ బీరువాకు చేరవలె. 2005 సమాచార హక్కు చట్టం ఇందుకు తోడ్పడుతుంది.

మునిగిన ఊరిని ఎరిగినవారు, గొలుసుకట్టు చదవగల వృద్ధ కరణాలు, గోత్రాలు చెప్పగల గాయకులు ఇంకా కొందరు సజీవులు. వారి నోటిమాటను కచేరీలోని కాగితంతో కలిపి చూడగలిగే అవకాశం ఈ తరానికే ఉన్నది. ఒకటి లేక రెండవది చదివితే సగమే బోధపడుతుంది. ఏది ముందు పోయినా రెండవది మూగబోతుంది.